పంపు ఆగిన అరగంట

సభకు పెద్దగా కూర్చున్న మేనేజరుగారికి, నాలో లేని గుణాలు కూడా వెతికి పొగిడిన పెద్దలకు, టీ చల్లారిపోతోందని తలుపు వైపు చూస్తున్న మిత్రులకు నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ కాగితం మిల్లులో గుజ్జు గొట్టాల మీది అయస్కాంత మీటర్లను కంటికి రెప్పలా చూసుకున్నానన్నారు. వాటిలో చూసుకునేదేముంది? తిరిగే చక్రం లేదు, అరిగే పళ్ళు లేవు. గొట్టం చుట్టూ ఉన్న తీగచుట్ట అయస్కాంతమవుతుంది, లోపల తడి గుజ్జు పారితే రవ్వంత కరెంటు పుడుతుంది, దాన్ని పట్టుకుని మీటరు గంటకి ఎంత పారుతోందో తెర మీద చూపిస్తుంది, అంతే. అందుకే మా ఫిట్టరు బాబాయి నన్ను ‘గుడ్డతో తుడిచే ఇంజనీరు’ అనేవాడు. అదిగో, వెనక వరసలో ఇప్పుడూ అంటున్నాడు. (నవ్వులు)

అయితే వారానికోసారి మీటరుకి సున్నా సరిచూడాలి, అంటే ఏమీ పారనప్పుడు తెర మీద సున్నాయే ఉందా అని. అప్పుడు గొట్టం నిండుగా ఉండాలి, గుజ్జు కదలకూడదు, అంటే పంపు ఆగాలి. దానికి అరగంట పడుతుందని మీ అందరికీ చెప్పాను కదా. నిజానికి పది నిమిషాలు చాలు. మేనేజరుగారూ, అలా చూడకండి, నన్ను రిటైరు చేసి వదిలిపెట్టే కాగితం మీద మీ సంతకం పొద్దున్నే అయిపోయింది. (నవ్వులు)

కారణం పంపు నడిపే అమ్మాయి. పంపు తిరుగుతుంటే ఆ గదిలో మనం అరిచింది మనకే వినపడదు. ఆమెతో నాలుగు మాటలు మాట్లాడాలంటే నాకు సున్నా ఒక్కటే దారి. అలా వారానికి అరగంట చొప్పున పద్నాలుగు వారాలు మాట్లాడుకుని పెళ్ళి చేసుకున్నాం. మొత్తం ఏడు గంటల పరిచయం. చాలా ఏళ్ళకి ఈ మోసం ఒప్పుకుంటే, “మొదటి వారమే తెలుసు. పని ఎప్పుడో అయిపోయింది, మీరు ఊరికే స్క్రూడ్రైవరు జేబులో పెట్టడం, తీయడం. చూళ్ళేదనుకున్నారా?” అంది.

పెళ్ళయ్యాక కూడా ఆ అరగంట తగ్గించలేదు. మొదట్లో అలవాటుకొద్దీ. తర్వాత ఆ పంపు హోరుకి ఆమె ఎడమ చెవి మందగించింది. ఇంట్లో నేను పిలిస్తే వీధి చివరివాళ్ళు పలుకుతారు గానీ ఆమె పలకదు. (నవ్వులు) నవ్వండి, మేమూ నవ్వుకుంటాం. కానీ రెండో చెవి కూడా పోతుందేమోనని నాకు భయంగా ఉంది. పంపు ఆగగానే ఆమె గోడకి చేరబడి కళ్ళు మూసుకుంటుంది. నేను కూడా అప్పుడు మాట్లాడను.

వచ్చే నెల కొత్త మీటర్లు వస్తున్నాయి. తమ సున్నా తామే చూసుకుంటాయట, పంపు ఆపక్కర్లేదట. ఆమెకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది.

ఇన్నేళ్ళు నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. మేనేజరుగారూ, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పి పంపు ఆపించాను. ఇవాళ నిజం చెప్పి అడుగుతున్నాను. మీటరు కోసం కాదు, ఆమె కోసం వారానికో అరగంట ఆపించండి. తనంతట తాను ఆమె అడగదు.

సెలవు.