ఎర్ర కొస

గోదావరిఖని వర్క్‌షాపులో టర్నర్‌గా ఆయనకు అది ఆఖరి డ్యూటీ. కొలత చూసే గేజు పచ్చ కొస, బుష్ అనే చిన్న గొట్టం బొక్కలోకి పోవాలి, ఎర్ర కొస పోవద్దు. లేత్ మీంచి అప్పుడే తీసిన ఇత్తడి బుష్‌లోకి ఎర్ర కొస కూడా సర్రున జారింది. ఆయన పక్క లేత్ మీద పనిచేసే అమ్మాయి వైపు తిరిగాడు.

"ఆఖరి బొక్కే పెద్దగ జేసిన బిడ్డా. తుక్కుల పారెయ్యి."

"పారేస్త కాక. ముందుగాల చాయ్ తాగు."

"గిప్పుడు చాయ్ ఏంది?"

"తాగరాదు!"

ఆయన చాయ్ తాగినంక ఆమె మళ్లీ గేజు పెట్టింది. ఎర్ర కొస అంచు మీదనే ఆగింది.

"అరె! ఉడుకు మీద ఉబ్బినప్పుడే కొలిచిన్నా?"

"నువ్వు నేర్పిందే కాక. పనిల చేరిన కొత్తల, బుష్ చెడగొట్టిన్నని నేనేడిస్తే, సల్లారేదాక చాయ్ తాపించినవ్."

"సల్లారాలెనని కాదు బిడ్డా. నువ్వేడుస్తుంటే సూడలేక తాపించిన."