ఏడు రేకుల పువ్వు

పుస్తకాలు బైండు చేసే గది. తాత మైదా జిగురు కలుపుతున్నాడు. మనవరాలు ఉత్తరం పట్టుకుని ఒకచోట నిలవలేకపోతోంది.

“మళ్ళీ చదువు.”

“ఇది నాలుగోసారి తాతా.”

“అయినా చదువు. ఈసారి చేతిలో పని ఆపి వింటాను.”

“‘ఇస్లామీ కళావారసత్వ ట్రస్టు మీ పరిశోధనకు రెండేళ్ళ సాయం మంజూరు చేసింది.’ రెండేళ్ళు తాతా. పాత రాతప్రతులు చూస్తూ కూర్చోడానికి రెండేళ్ళు. నాకు కాళ్ళు నేలమీద ఆనడం లేదు.”

“కనబడుతూనే ఉంది. ఆ గిన్నె తన్నకు. ఇంతకీ దేనిమీద రాశావు?”

“గెలిచాక చెబుదామని దాచాను. మన మసీదు లైబ్రరీలో ఖురాన్ ఉంది కదా, నాలుగొందల ఏళ్ళది. దాని మొదటి పేజీ అంచు.”

“అంచా?”

“పదిహేను పువ్వులుంటాయి చూడు, నీలం, బంగారం. పద్నాలుగింటికి ఎనిమిదేసి రేకులు. కుడివైపు మూలనున్న పువ్వుకి మాత్రం ఏడే.”

“జిగురు గట్టిపడిపోతోంది.”

“పోనీ, విను. ఎందుకు ఏడు? లోపం లేని పని దేవుడిదొక్కటేనని, ఆ చిత్రకారుడు కావాలనే ఒక రేకు తగ్గించాడు. వినయం తాతా, వినయం. దానిమీదే నలభై పేజీలు రాశాను. ఏంటి, తల దించేశావు?”

“ఏం లేదు. నలభై పేజీలా?”

“నలభై రెండు.”

“కాస్త మెల్లిగా మాట్లాడు. లోపల మీ నానమ్మ ఉంది.”

“ఉంటే?”

“నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆ పేజీని ఎలకలు కొరికాయి. అక్షరాల జోలికి పోలేదు, అంచు మాత్రం తినేశాయి. బాగుచేసింది నేనే.”

“నువ్వా? పువ్వులు కూడానా?”

“పువ్వులు కూడా. అయితే ఆ మూలది—”

“అయ్యో తాతా. నా పువ్వు నీదా? నలభై రెండు పేజీల వినయం నీ పొరపాటా?”

“పొరపాటు నాదే, కానీ—”

“కొంప మునిగింది. ట్రస్టు మేడమ్‌కి ఫోన్ చేస్తున్నాను.”

“ఆగవే, పూర్తిగా విను.”

“ఆగితే ధైర్యం చాలదు. హలో మేడమ్, నేనేనండి, ఏడు రేకుల అమ్మాయిని. నాకు సాయం వద్దండి. ఆ పువ్వు మా తాత వేశాడట. అవునండి, ఉన్నాడు, ఇక్కడే జిగురు కలుపుతున్నాడు. తాతా, మొత్తం ఎన్ని వేశావని అడుగుతోంది.”

“పద్నాలుగు.”

“పద్నాలుగండి. పద్నాలుగా? ఉన్నవే పదిహేను కదా.”

“ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నది అదే. ఎలకలు వదిలేసింది ఒక్కటే. మూలది.”

“నాదా? ఏడు రేకులదా?”

“అదొక్కటే అసలుది.”

“మేడమ్, పెట్టేయకండి, లైన్లో ఉండండి. తాతా, అసలుది కళ్ళముందు ఉండగా ఎనిమిదెలా వేశావు?”

“కాగితం మూడు మడతలు పెట్టి కత్తిరిస్తే ఎనిమిది రేకుల అచ్చు వచ్చేస్తుంది. ఏడు కావాలంటే కంపాస్ పెట్టి ఒక్కో పువ్వూ కొలవాలి. రెండు రోజుల పని.”

“నీకు బద్ధకమా? వేలెడు చిరుగు దగ్గర మూడు రోజులు కూర్చునే మనిషివి.”

“ఆవిడ ఏమంటోంది?”

“నవ్వుతోంది. నవ్వాపుకోలేక మాట రావడం లేదు. ఆఁ, చెప్పండి మేడమ్. సరేనండి. తాతా, సాయం ఎక్కడికీ పోదట. రాసింది పక్కన పడేసి, ఏది అసలు, ఏది మరమ్మతు, ఎందుకలా జరిగింది, అంతా ఉన్నదున్నట్టు రాయమంటోంది. ఎందుకలా జరిగింది?”

“అది కూడా రాయాలా?”

“రెండేళ్ళు రాయాలి.”

“ఆ తలుపు దగ్గరికి వెయ్యి. ఆ మహానుభావుడు వినయంతో ఒక రేకు తగ్గించలేదే, పిచ్చిపిల్లా. ఆ రోజు ఐదింటి బస్సుకి నన్ను కలవడానికి వస్తానని మీ నానమ్మ మొదటిసారి మాటిచ్చింది. ఆ తొందరలో నేనే పద్నాలుగింటికీ ఒక్కోటి ఎక్కువ వేశాను.”