పక్క సీటు బటన్

మధ్యాహ్నం షెడ్డులో ఓ పాత స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. బానెట్‌లోంచి పైకి లేచే దాని హెడ్‌లైట్లు రెండూ లేచి అలాగే బిగుసుకుపోయాయి. మెకానిక్ వంగి చూస్తుంటే, కారు తెచ్చిన పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు.

"బల్బులు కొత్తవాటిలా ఉన్నాయి, లేపే మోటార్లేమో అరిగిపోయాయి. వెలిగించకుండా ఊరికే లేపేవారా బాబాయిగారూ?"

"నేను కాదయ్యా, మీ పిన్ని. బతికున్నన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని పట్టపగలు బటన్ నొక్కేది."

"ఎందుకండీ?"

"లైట్లు లేస్తే కారు వేగం తగ్గుతుందని ఎక్కడో చదివింది. నేను కాస్త తొక్కితే చాలు, టక్కున లేపేసేది."

"నిజమేనండీ. లోపలుంటే కారు ముక్కు నున్నగా ఉండి గాలి పైనుంచి జారిపోతుంది. లేస్తే గాలికి ఎదురుగా రెండు పలకలు నిలబెట్టినట్టే. కానీ ఆ తేడా తెలిసేది నూట యాభై దాటాకే."

"తెలుసు. మేమెప్పుడూ ఎనభై దాటలేదు."

"మరి ఆవిడకి చెప్పలేదా?"

"చెప్పలేదు. లైట్లు లేవగానే నేనే కాలు తీసేసేవాణ్ణి."

"ఇప్పుడు దించితే మళ్ళీ లేవవండీ. దించి బిగించెయ్యనా?"

"వద్దు. నిన్న ఖాళీ రోడ్డు మీద నూట ఇరవై దాకా తొక్కాను. పక్కనుంచి చెయ్యి రాలేదు. చివరికి ఆ బటన్ నేనే నొక్కుకున్నాను."