మా తమ్ముని ఓడ

"అమ్మమ్మా, తాతయ్య వాతావరణ ఆఫీసుల చేసిండు గదా. రేపు వాన పడ్తదని ఈ ఫోన్‌కు ఎవరు చెప్తరు?"

నన్నడుగుతున్నవా? మంచిగ అడిగినవ్ పో. మీ తాతను పెండ్లి చేసుకున్న కాన్నుంచి నేను గదే అడిగిన. ఆయన చెప్పిండు, నేను ఇన్న, ఒక్క ముక్క బుర్రకెక్కలే. రేపు దూరంల షూటింగ్ ఉంది, ఇయ్యాలనే బండొస్తదంటివి, డైరెక్టర్ సారు వాన సంగతి కనుక్కొనే పని నీకిచ్చిండు, నువ్వొచ్చి నన్ను పట్టుకున్నవ్. కూసో. చాయ్ తాగు.

అప్పుడు మేం టోలిచౌకిల కిరాయికుంటుంటిమి. ఇప్పుడు మనముండే ఈ ఫిల్మ్ నగర్ అప్పుడేడుంది? అన్ని రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు. మీ తాత సైకిల్ మీద బేగంపేటకు పోతుండె. ఆయన పని ఏందంటే, టెలిప్రింటర్ మిషన్ ముంగట కూసునుడు. అది టకటక కొట్టుకుంట కాగితం ఇడుస్తది, దాని నిండ అంకెలే. అక్షరం ముక్క ఉండది. కాదు కాదు, ఓడలకు అక్షరాలుంటయి, అది చెప్త ఆగు.

"గివేం అంకెలయ్యా?" అంటే, "దునియా మొత్తం ఒక్కటే టైముకు గాలి ఎట్లుంది, ఎండెంత, మబ్బెంత అని చూసి అంకెలేసి పంపుతరు. చిన్న ఊరు పెద్ద ఊరికి, పెద్ద ఊరు ఢిల్లీకి, ఢిల్లీ వేరే దేశాలకు. వాళ్ళవి గట్లనే మనకొస్తయి" అనేటోడు. నీ ఫోన్ల వానకు గూడ మూలం గవే అంకెలట. ఒక్కటే టైమేందయ్యా, మనకు పొద్దుగాల అయితే ఆడ రాత్రి గదా అంటే, ఆఫీసుల రెండు గడియారాలున్నయన్నడు. ఒకటి మనది, ఒకటి విలాయతుది. ఇంటికొచ్చి అన్నం పెట్టుమంటే, ఏ గడియారం ప్రకారం పెట్టాలె అని అడుగుతుంటి. నవ్వకే! ఇంకోటి ఇను, మనతోని మాటల్లేని దేశం గూడ అంకెలు పంపుతదట. పగోడు వాళ్ళింట్ల ఎండెంతుందో మనకెందుకు చెప్తడు? "ఆ దిక్కు గాలే గదా మన దిక్కొచ్చేది" అంటడు. ఏమో మరి.

గీ అంకెలతోని నాకేం పని అనుకున్న. గట్లుండంగ మా తమ్ముడు ఎంకటి బొంబాయి పొయ్యి సరుకు ఓడల వంటపనికి కుదిరిండు. ఇంగ ఉత్తరం లేదు, పత్రం లేదు. నేను ఏడ్సుకుంట కూసుంటే, ఒకనాడు మీ తాత సైకిల్ దిగకముందే "మీ తమ్ముని ఓడ అరబ్బీ సముద్రంల ఉందే, గాలి మెల్లగనే ఉందట" అన్నడు. నడి సముద్రంలకెల్లి ఓడలు గూడ అంకెలు పంపుతయట. ముంగట ఓడ గుర్తు అక్షరాలల్ల ఉంటది. తమ్ముడు ఓడ ఎక్కేటప్పుడు ఆ గుర్తు బావ ఆఫీసుకు కార్డు మీద రాసి పంపిండట.

ఉత్తరం రానికే నెలలు, గాలి సంగతేమో అదే రోజు! "గా అంకెల నడుమ 'ఎంకటి మంచిగున్నడు' అని ఒక్క మాట ఏస్తే వాళ్ళ సొమ్మేం పోతది?" అన్న. మాటకు జాగ లేదన్నడు. మబ్బుకు జాగ ఉంది, మా తమ్మునికి లేదు. మస్తు కోపమొచ్చింది. అయినా రోజు ఆయన రాంగనే "ఓడ వచ్చిందా?" అని అడుగుతుంటి. వచ్చిందంటేనే అన్నం దిగుతుండె. ఆడ ఎండ జాస్తి ఉందంటే, పొయ్యి ముంగట వాడెట్ల నిలవడ్డడో అని ఈడ నాకు చెమటలు.

ఒకపారి తుఫాను లేసింది. ఓడ అంకెలు ఆగినయి. మీ తాత తల వంచుకొని సైకిల్ స్టాండేస్తుంటే అడగకముందే నాకు తెలుస్తుండె. "రేడియో చెడిపోయి ఉండొచ్చు" అంటడు. "ఉండొచ్చు ఏంది? దునియా సంగతంతా చెప్తవ్, ఒక్క ఓడ సంగతి తెల్వదా?" అని మీదికి లేసిన. ఆయనేం చేస్తడు పాపం.

ఆ ఏడుపుల్లనే ఒకనాడు పొద్దుగాల ఎంకటి వచ్చి గడపల నిలవడ్డడు. సన్నబడి, చేతిల సంచి. దయ్యమనుకొని అరిసిన నేను. తుఫానుకు శానా ముందే, నడుమ ఏదో రేవుల వానికి కామెర్లయినయట. దవఖానల ఏసి ఓడ పోయిందట. "చెప్తే నువ్వు పరేషానైతవని చెప్పలే అక్కా" అన్నడు. అంటే చూడు, వాడు దవఖానల పడుంటే, గాలి మెల్లగుందని నేనీడ సంబరంగ అన్నం తింటున్న. అంకెలు అబద్ధం చెప్పలే. మరి నిజమన్న చెప్పినయా? నాకైతే ఇప్పటికీ సమజ్ గాలే.

సరే, వాడొచ్చిండు, నా కండ్ల ముంగట కూసొని తింటుండు. ఇంగ నాకేం ఫికర్? గని మీ తాత సైకిల్ చప్పుడు ఇనంగనే "ఓడ వచ్చిందా?" అన్న. నోట్లకెల్లి అదే వచ్చింది. ఎంకటి నవ్విండు. "అక్కా, నేనీడనే ఉన్న గదనే" అన్నడు. "నువ్వు ఊకోరా. ఆడ నీ చేతి కూడు తిన్నోళ్ళున్నరు గదరా" అన్న. వాడు ఇంగ నవ్వలే. కంచంల చెయ్యి గట్లనే ఆపిండు.

ఎన్నాళ్ళయిందో యాదికి లేదు. ఒకనాడు మీ తాత సైకిల్ గేటు కాడ పడేసి "ఓడ వచ్చింది, అంకెలు మల్ల మొదలైనయి!" అని ఉరికొచ్చిండు. ఎంకటి బావను పట్టుకొని ఏడ్సిండు. నేను... తమ్ముడు వచ్చిననాడు గూడ గంత ఏడ్వలే బిడ్డా. ఆ ఓడల వాళ్ళు ఎవలో, ఎవలింటి పిల్లలో, మొఖం గూడ చూడలే. ఎందుకు గట్ల ఏడ్సిన్నో...

అగో, నీ బండి హారన్ కొడ్తుంది. పో బిడ్డా, పైలం. సల్లగుండు. నువ్వొక్కదానివే గాదు, ఆ లైట్లు మోసెటోళ్ళు, వండిపెట్టెటోళ్ళు, ఎవలెవలున్నరో ఆడ... అందరు సల్లగుండాలె.