మూడు మూరల మేర

సన్నేసమ్మ ఆ పొద్దున చీర ఎగదోపుకుని ఇంటి ముందర మట్టి తొక్కుతోందంట. చూసినోళ్ళు చూసినట్టే నిలబడిపోయేరు. మట్టి తొక్కితే ఏటయిపోయింది అంటారేమో మీరు. వేరే వీధిలో అయితే ఏటీ అవదు. అది పడుగుల వీధి. నేతపనోళ్ళు ఉండే వీధి. మగ్గానికి ఎక్కించే ముందు నూలుకి గంజి పెట్టి, పొడుగ్గా లాగి, కుంచెతో దువ్వి ఆరబెట్టాల కదా, అంత జాగా ఇంట్లో ఎవడికుంది? అందుకని ఈ కొస నించి ఆ కొసకి వీధిలోనే పరుస్తారు. అలా పరిచిన నిలువు నూలే పడుగు. ఆ వీధికి ఒక కట్టుబాటుంది. ఇంటి లోపల నీ ఇష్టం, గోడ కూలగొట్టుకో, దూలం మార్చుకో, అడిగేవోడు లేడు. వీధివైపు మాత్రం పిడికెడు మన్ను వెయ్యాలన్నా వీధి పెద్దకి చెప్పాల. చెప్పకుండా వేస్తే ఆ ఇంటి పడుగు వీధిలో పరవనివ్వరు. పడుగు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే పొయ్యి లేదు. అదీ సంగతి.

మరి సన్నేసమ్మకి ఈ సంగతి తెలీదా అంటే, ఎందుకు తెలీదు? ఆ వీధిలోనే పుట్టింది, ఆ వీధిలోకే కోడలయింది. ఏటయిందంటే, అంతకు ముందేడు గాలివాన కొట్టి వాళ్ళ ఇంటి ముందరి భాగం మొత్తం కొట్టుకుపోయింది. అరుగు లేదు, పంచ లేదు. మొగుడు సూరన్న కప్పు నెయ్యడానికెక్కి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుం కిందకి చచ్చుబడిపోయింది. గోతిమగ్గం మీద కాళ్ళు ఆడించాల కదా, కాళ్ళే లేవాయె. సన్నేసమ్మే మగ్గంలో దిగింది. కూలిపోయిన అరుగు చోట, వీధి పెద్దకి చెప్పే, రెండు మూరల చిన్న అరుగు వేసుకుంది. సూరన్న మూల మంచంలో పడి గోడకేసి తిరిగి ఉండేవాడు. తెగిన పోగు అతకడంలో ఆ వీధిలో అంతటోడు లేడు సుమా. కళ్ళు మూసుకుని అతికేవోడు, అతికిన చోటు నీకు కనబడితే ఒట్టు. అలాంటోడు ఒకనాడు, "పడుగు పరిచినప్పుడు నన్ను వీధిలో కూర్చోబెట్టే, కింద కూర్చుని పోగులతుకుతాను, ఊరికే తినలేకపోతన్నానే" అన్నాడంట. ఆవిడ వడ్రంగి చేత చక్రాల పీట చేయించింది. అరుగు మీదకి పీట వచ్చింది గానీ కిందకి దిగడమెలాగ? అందుకని వాలు కట్టింది. అరుగు అంచు నించి వీధిలోకి మూరెడు వాలు, మట్టితో. వీధి పెద్ద దాలయ్య కూతురింటికి వెళ్ళి ఊళ్ళో లేడు. ఆయన వచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు. నేనైతే ఆగుదునా అంటే, నేనూ ఆగను.

దాలయ్య వచ్చేడు. వీధి మొదట్లోనే ఆగిపోయేడంట, వాలు చూసి. మంచోడే, అన్యాయం ఎరగడు, కాకపోతే మాటంటే మాటే. ఆయనకి ఆవిడ వరసకి కోడలవుద్ది. "ఏటమ్మీ ఇది" అన్నాడు. "వాలు, మావా. ఆయన పీట దిగడానికి." "ఎవర్నడిగేవు?" "నువ్వు లేవు కదా మావా." "నేను లేకపోతే వీధి లేదా? వెంట్రుకవాసి కూడా ముందుకి రాకూడదని మన తాతల నాటి నించీ వస్తంది. నీకు జాలిపడి వదిలేస్తే రేపు ఇంకొకడు పంచ దింపుతాడు, ఎల్లుండి మరొకడు గోడ లేపుతాడు. ఇప్పుడే వీధి ఇరుకై చస్తన్నాం. మా తాత రోజుల్లో నాలుగు పడుగులు పక్కపక్కన పట్టేవంట, ఇప్పుడు మూడే పడతన్నాయి. రేపు పొద్దు పొడిచేసరికి తవ్వీ. తవ్వకపోతే నీ పడుగు వీధిలోకి రాదు" అనీసేడు. గడపలో పీట మీద సూరన్న అంతా విన్నాడు. ఆ వేళ మొదటిసారి తల దువ్వుకుని, చొక్కా తొడుక్కుని కూర్చున్నాడంట, వీధిలోకి దిగుతానని. ఆయన ముఖం చూసింది ఆవిడ. చూసి, గునపం తెచ్చి దాలయ్య కాళ్ళ ముందు పెట్టి, "మావా, తాటాకు తీయించు. పంతులుగారి చేత చదివించు. తవ్వమని అందులో ఉంటే నా చేత్తో నేనే తవ్వుతాను" అంది.

తాటాకంటే, ఎప్పుడో జమీందారు ఆ వీధికి ఇళ్ళ స్థలాలిచ్చినప్పుడు రాయించిన పత్రం. వెదురుగొట్టంలో పెట్టి దాలయ్య ఇంట్లో దూలానికి కట్టుంటాది. పక్కనే మూరెడు ఇనపకమ్మి ఒకటి వేలాడతాది. ఏటేటా రెండిటికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. చదివేరా అంటే ఒక్కడూ చదవలేదు. ఆ కమ్మి ఎందుకో ఒక్కడికీ తెలీదు. దేవుడి కమ్మి అనుకుని దణ్ణం పెట్టుకోవడమే! దాలయ్య వెనకాడలేదు. "చదివించండి, నాకు భయమేటి" అన్నాడు. బడి పంతులుగారిని పిలుచుకొచ్చేరు. వీధి వీధంతా మగ్గాలు దిగి వచ్చి నిలబడింది. పంతులుగారు పసుపు తుడుచుకుంటా, కళ్ళు చికిలించుకుంటా చదివేరు. "గడప వెలుపలి అంచు మొదలు వీధివైపు మూడు మూరల మేర ఇంటివారిది. ఆ మేరలో అరుగు గాని మెట్టు గాని వారి ఇష్టం. మూర అనగా ఈ పత్రంతో ఇచ్చిన కమ్మి పొడుగు. మేర దాటి వెంట్రుకవాసి మన్ను పడినా ఆ ఇంటి పడుగు వీధిలో పరవరాదు." అంతే. పెద్దని అడగాలని గానీ, కొత్తది కట్టకూడదని గానీ ఒక్క ముక్క లేదు. దాలయ్య, "మళ్ళీ చదవండి" అన్నాడు. మళ్ళీ చదివేరు. అదే ఉంది.

అప్పుడేటయిందంటే, కమ్మి పట్టుకొచ్చి సన్నేసమ్మ గడప నించి కొలిచేరు. ఒక మూర, రెండు మూరలు, అక్కడికి అరుగయిపోయింది. మూడో మూర వాలు మీద నేలకి సమంగా పట్టుకుని కొలిచేరు. వాలు మూడో మూర లోపలే ఆగిపోయింది, ఇంకా రెండు వేళ్ళు మిగిలింది. సన్నేసమ్మ అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయిపోయింది కదా, ఇక్కడితో వెళ్ళిపోవచ్చు. కానీ గడపలోంచి సూరన్న, "కమ్మి ఎలాగూ దింపేరు, ఆ పక్కిల్లూ కొలవండి, వీధి ఎందుకిరుకైందో తెలుస్తాది" అన్నాడు. దాలయ్యకి రోషమొచ్చింది. "పక్కిల్లు కాదు, ముందు నాది కొలవండి. నా అరుగు మా ముత్తాత వేసిందే. ఒక ఇటిక కలిపింది లేదు, ఒక రాయి కదిపింది లేదు" అన్నాడు. కొలిచేరు. ఒక మూర, రెండు, మూడు. అరుగు ఇంకా అవలేదు. జానెడు మిగిలిపోయింది. మూడు మూరల మీద జానెడు! కమ్మి పట్టుకున్నోడు కమ్మి వదిలీసేడంట. ఇంకో ఇల్లు కొలిచేరు, జానెడు. ఆ పైది, జానెడు మీద ఒక వేలు. ఎదరి వరస, అదే జానెడు. వీధిలో ముప్పై ఆరు ఇళ్ళుంటే ముప్పై అయిదిళ్ళు మేర దాటున్నాయి. ఎవడూ ఏటీ కట్టలేదే, ఎలా పెరిగేయి అరుగులు? మట్టి తింటే మనిషి లావవుతాడేమో గానీ అరుగు లావవడమేటి? దయ్యం పని అన్నోళ్ళు కూడా ఉన్నారు. దాలయ్య కమ్మి అందుకుని, తన అరుగు ముందు భాగం మీద ఒక పోటు పొడిచేడు. పెచ్చు ఊడొచ్చింది. పెచ్చు అంచు చూస్తే పొరలు. ఎర్రమట్టి పొర, పేడ పొర, సున్నప్పొర, మళ్ళీ ఎర్రమట్టి. ఎన్ని పొరలో ఎంచలేరు. పండగ పండక్కీ అలికిన అలుకు! ఏటా రెండుసార్లు, తరాల నించీ, అత్త అలికిన దాని మీద కోడలు, కోడలు అలికిన దాని మీద దాని కోడలు. ఒక్కొక్క అలుకూ గోరంత మందం లేదు. అదే పేరుకుని జానెడయింది. వీధిని మింగింది అదే.

మర్నాడు పొద్దున్న సన్నేసమ్మ తలుపు తీసి చూస్తే వీధి ఖాళీ. గంజి వాసన లేదు, కుంచె చప్పుడు లేదు. ఎప్పుడన్నా చూసేరా, పనిరోజున నేతవీధి మూగబోవడం? ఆవిడకి భయమేసిందంట, ఊరొదిలి పోయేరేమోనని. పడుగు పరిచే హక్కు ఆ వీధి మొత్తంలో ఆవిడ ఒక్కర్తెకే ఉంది. కానీ పడుగు ఒక్కర్తె లాగలేదు కదా, ఆ కొస పట్టాల, ఈ కొస పట్టాల, నడుమ దువ్వాల. హక్కున్న దానికి చేతుల్లేవు, చేతులున్నోళ్ళకి హక్కు లేదు. ఆవిడ వీధి నడుమ నిలబడి, "మావా, ఆకు మళ్ళీ గొట్టంలో పెట్టీ. నేనేటీ అనను, ఎవరూ ఏటీ అనరు" అని పిలిచింది. దాలయ్య తలుపు తీసుకుని వచ్చేడు. చేతిలో పార. "నీ వాలుకో రూలు, నా అరుగుకో రూలునా?" అన్నాడు. అని, తన అరుగు ముందు కూర్చుని గీకడం మొదలెట్టేడు.

పొర తరవాత పొర రాలతంది. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరేరు. నాలుగు వేళ్ళు గీకేసరికి ఎర్రమట్టి మీద తెల్లగా ఏదో కనిపించింది. దాలయ్య పార పక్కన పెట్టి చేత్తో తుడిచేడు. అరచెయ్యి. పండక్కి సున్నంలో ముంచి గోడకి కొడతారే, ఆ అచ్చు. ఆడమనిషి చెయ్యి. చిటికెన వేలు సగమే ఉంది. దాలయ్య అమ్మకి మగ్గంలో నలిగి చిటికెన వేలు సగం పోయిందని ఆ వీధిలో ముసలోళ్ళందరికీ తెలుసు. ఆవిడ పోయి నలభయ్యేళ్ళు. ఆ ముసలోడు ఆ అచ్చు మీద తన చెయ్యి ఆనించి, "అమ్మా" అన్నాడంట. ఏడుపు ఆపుకోలేదు, దాచుకోలేదు. కాసేపటికి కమ్మి అందుకుని కొలిచేడు. అచ్చు మేర దాటి వీధివైపే ఉంది, ఇంకా ఎనిమిది వేళ్ళు గీకాల. సన్నేసమ్మ పార మీద చెయ్యి వేసీసింది. "వొద్దు మావా. నీకు దణ్ణం పెడతాను. అదొక్కటీ ఉండనీ. ఎవడడుగుతాడో నేను చూస్తాను" అంది. ఆయన ఆవిడ చెయ్యి తీసి పక్కన పెట్టేడు. "నిన్న నీ మొగుడు కూడా చొక్కా తొడుక్కుని కూర్చున్నాడమ్మీ, నేను చూసేను. చూసి కూడా తవ్వమన్నాను" అన్నాడు. అనేసి, గీకీసేడు. అమ్మ చెయ్యి, ఆ సగం వేలుతో సహా, చూస్తుండగా పొడయి రాలిపోయింది. ఉండండి, గుక్కెడు మంచినీళ్ళు తాగుతాను.

మేర దాకా గీకేడు. గీకి, ఆ పొడి మొత్తం, ఎర్రదీ తెల్లదీ, తువ్వాల్లోకి ఎత్తుకున్నాడు. నీళ్ళు పోసి ముద్ద చేసేడు. తీసుకెళ్ళి సన్నేసమ్మ వాలు చివర మెత్తాడు, వొంగి, కమ్మి పెట్టి చూసుకుంటా. "ఇక్కడ రెండు వేళ్ళు చోటుంది కదా" అన్నాడంట. సరిగ్గా మూడు మూరలకి తెచ్చి ఆపేడు. ఆరిన తరవాత సూరన్న పీట ఆ వాలు మీద నించే దిగింది. ఆ రోజు పరిచింది సన్నేసమ్మ పడుగే, ఒక కొస దాలయ్య పట్టేడు, సూరన్న కింద కూర్చుని తెగిన పోగులు అతికేడు. మిగతా ఇళ్ళోళ్ళు వారం రోజులు అరుగులు గీక్కున్నారు. ఏమేం బయటపడ్డాయో, ఎవరెవరు ఏడ్చేరో, అదంతా చెప్తే తెల్లారిపోద్ది.

ఇప్పుడా వీధిలో నాలుగు పడుగులు పడతన్నాయంట. పండగొస్తే పాత అలుకు గీకి గానీ కొత్తది అలకరు. కమ్మికి పసుపు రాయడం మానీసి, కొలవడానికి వాడతన్నారు. మన వీధి సంగతేటి అంటారా? మన తాటాకు కూడా ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పను. ముందు మా అరుగు గీక్కోనీండి.