ముందు చేరిన సైకిల్

మధ్యాహ్నం షెడ్డులో డ్రైవరు అంబులెన్స్ అద్దం తుడుస్తున్నాడు. పక్కనే ఆయన కూతురు తన సైకిల్‌కి మందుల పెట్టె బిగిస్తోంది. కాల్ వస్తే ముందు ఆమె సైకిల్, వెనక ఆయన బండి. డ్యూటీలో చుట్టరికం కలపొద్దని షరతు పెట్టింది ఆయనే.

"పొద్దున మార్కెట్ కాల్‌కి ఎందుకంత ఆలస్యమైంది, డ్రైవర్ గారూ?"

"సైరన్ మోగుతూనే ఉంది, బండి అంగుళం కదిలితే ఒట్టు. నువ్వెలా వెళ్లావు?"

"కూరగాయల బుట్టల మధ్య నుంచి. నేను వెళ్లేసరికే ఆ పడిపోయినాయన గుండె ఆగిపోయింది. పెట్టెలో మిషన్‌తో ఒక్క షాక్ ఇస్తే మళ్లీ కొట్టుకుంది."

"నేనొచ్చేసరికి తన చెప్పులెక్కడని అడుగుతున్నాడు మహానుభావుడు."

"సైకిల్‌తో ఏం వైద్యం చేస్తావని చేరిన రోజు అన్నారు మీరు."

ఆయన తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

"ఆస్పత్రికి వెళ్లేదాకా ఆ పేషెంటు భార్య ఒకటే అడగడం, ఆ సైకిలమ్మాయి ఎవరని."

"ఏం చెప్పారు?"

"మా అమ్మాయని చెప్పా."

"మరి షరతు?"

"అడిగింది కాబట్టి చెప్పానమ్మా."

"అంతేనా?"

"ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్‌కీ చెప్పాన్లే. అతను అడగలేదు."