దవాఖాన దగ్గరి ఇల్లు

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, వానకాలం. అమీర్‌పేట చౌరస్తాలో బస్సు దిగిన బామ్మర్దిని, చేతిలో కూరగాయల సంచితో బావ ఇంటికి తీసుకుపోతున్నాడు.

"బస్సు ఎన్క బస్సు వస్తనే ఉన్నది బావా."

"లక్డీకాపూల్ పో, సికింద్రాబాద్ పో, అన్నీ గీడికెల్లే. ఒకటి పోతె ఉరుకుడు లేదు, ఇంకోటొస్తది."

"మార్కెట్ సుత ఇంటి ముంగటనే."

"మీ ఊళ్ళె తెంపిన వంకాయ మీకంటె ముందుగాల నేనే తింట."

"మస్తున్నది నీ పని. బావా, మా ఇంటామెకు పానం బాగలేదు. నెల దినాలు పంజాగుట్ట దవాఖానకు తిప్పాలన్నరు. నీ ఇంట్ల జర జాగ ఇస్తవా?"

"దవాఖాన గీడికెల్లి ఇరవై నిమిషాల నడక."

"ఇస్తవా మరి?"

"నేను ఊళ్ళె ఉన్ననాడు, పానం మీదికొచ్చిన మీ అక్కను బస్సు రోడ్డు దాక తీస్కపోను నీ ఎడ్లబండి అడిగిన. యాదికున్నదా?"

"అదును మీద వాన పడ్డది బావా. ఎడ్లు నాగలికున్నయ్."

"మంచం మీద మోస్కపోయినం. మేం చేరెటాల్లకు బస్సు పోయింది. దినానికి ఒక్కటే బస్సు. మర్నాటి బస్సుకు ఆమె లేదు."

"తప్పైంది. ఎన్నిసార్లు కాళ్ళు మొక్కమంటవ్?"

"మొక్కకు. రేపే మీ ఇంటామెను తోల్కరా. వంట నేను చేస్త."

"మాఫ్ చేసినవా బావా?"

"లేదు. రోజూ ఆమెను దవాఖానకు తీస్కపో, తీస్కరా. దవాఖాన దగ్గరుంటె మనిషి ఎట్ల బతుకుతదో కండ్లార సూడు."